నెత్తురు పడిన చోటే విచారణ జరగాలి

2004 జూన్ 28న బాగ్దాద్‌లో అమెరికా ఆక్రమణ ప్రభుత్వం ఇరాకీల చేతికి అధికారం అప్పగించింది. దానికి ఒక్క రోజు ముందు ఆ ప్రభుత్వాధిపతి పాల్ బ్రెమర్ 17వ నంబరు ఉత్తర్వును సవరించి సంతకం చేశారు. ఆ ఉత్తర్వు ప్రకారం ఇరాక్‌లో ఉన్న విదేశీ సైనికుల మీద ఇరాక్ కోర్టుల్లో కేసు నడవదు. సైనికులే కాదు, వాళ్ళ అధికారులకు కాపలా కాసే, సరుకు మోసే, ఖైదీలను ప్రశ్నించే ప్రైవేటు కంపెనీల మనుషులు కూడా కాంట్రాక్టు పనిలో భాగంగా ఏం చేసినా అక్కడి చట్టం వాళ్ళ జోలికి రాకూడదు. వాళ్ళను పంపిన దేశం తనంతట తాను ఒప్పుకుంటే తప్ప ఆ రక్షణ తొలగదు. మరునాడు పగ్గాలు చేపట్టిన ఇరాక్ ప్రభుత్వానికి జెండా వచ్చింది, మంత్రులు వచ్చారు, కాని తన రాజధాని వీధిలో తన పౌరుణ్ణి కాల్చి చంపిన మనిషిని పట్టుకుని బోనెక్కించే అధికారం మాత్రం రాలేదు.

ఆ ఉత్తర్వు గురించి చదివిన నాటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదలలేదు. ఒక దేశపు నేల మీద నేరం చేసిన వాణ్ణి ఆ దేశపు కోర్టు ముట్టుకోకూడదని చెప్పే హక్కు ఎవరికి ఉంది, ఆ హక్కుకు బదులుగా చనిపోయిన వాడి కుటుంబానికి ఏం దక్కుతోంది? నాకు తెలిసినంతలో దక్కింది బహు స్వల్పం. హత్య, అత్యాచారం వంటి పెద్ద నేరాల్లో మొదటి విచారణ హక్కు నేరం జరిగిన దేశానిదే కావాలని, ప్రైవేటు కంపెనీ మనిషికి ఎలాంటి మినహాయింపూ ఉండకూడదని నేను నమ్ముతున్నాను. నెల్లూరు జిల్లా వాడికి ఇరాక్ గొడవ ఎందుకని ఎవరైనా అడిగితే, ఈ గొడవ మన జిల్లాకు కొత్తది కాదని ముందుగా చెప్పాలి.

1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఒంగోలు అప్పుడు నెల్లూరులో భాగమే, ఒంగోలు కేంద్రంగా వేరే జిల్లా ఏర్పడింది 1970లో. కంపెనీ కాలంలో మన జిల్లాలో ఒక ఇంగ్లీషువాడు ఒక రైతును చంపితే, ఆ హత్య కేసు జిల్లా కోర్టులో నడవడానికి వీల్లేదు. ఇంగ్లండులో పుట్టిన వాణ్ణి అంత పెద్ద నేరానికి విచారించగలిగేది మద్రాసులోని సుప్రీంకోర్టు ఒక్కటే. కందుకూరు పక్క పల్లెలో హత్య జరిగితే, చూసిన వాళ్ళు పొలం పనులు వదిలిపెట్టి, రైలు లేని రోజుల్లో మద్రాసు దాకా పోయి, తెలియని భాషలో ఇంగ్లీషు జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పాలి. ఎంతమంది పోగలరు? ఫిర్యాదు పుట్టిన ఊళ్ళోనే చచ్చిపోయేది. జిల్లాల్లోని మేజిస్ట్రేట్లు తెల్లవాళ్ళ క్రిమినల్ కేసులు చూడవచ్చని 1872లో చట్టం మారినప్పుడు కూడా ఆ మేజిస్ట్రేటు తెల్లవాడే అయి ఉండాలన్నారు. 1883లో ఇల్బర్ట్ బిల్లు ఆ షరతును తీసివేయబోతే కలకత్తాలోని ఇంగ్లీషువాళ్ళు వీధిన పడి వైస్రాయి రిప్పన్‌ను దూషించారు. చివరికి 1884లో జరిగిన రాజీ ఏమిటంటే, ముద్దాయి తెల్లవాడైతే కనీసం సగం మంది యూరోపియన్లు లేదా అమెరికన్లు ఉన్న జ్యూరీని కోరుకోవచ్చు. తెల్లవాణ్ణి తెల్లవాడే విచారించే ఏర్పాటు ఏ రకమైన తీర్పు ఇచ్చేదో తెలియడానికి అంతకు ముందు 1870ల్లో ఆగ్రాలో జరిగిన ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు కేసు చాలు. అతను కొట్టిన దెబ్బకు అతని గుర్రపువాడు చనిపోతే, ఇంగ్లీషు మేజిస్ట్రేటు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. వైస్రాయి లిట్టన్ స్వయంగా ఆ తీర్పును తప్పుపట్టవలసి వచ్చింది. జలియన్‌వాలాబాగ్ తర్వాత, 1919లో, హంటర్ కమిటీ ఇంకా విచారణ మొదలుపెట్టక ముందే అధికారులను కాపాడుతూ చట్టసభలో ఇండెమ్నిటీ చట్టం చేయించుకున్నారు. వీటన్నిటినీ మన తాతల తరం అవమానంగానే భావించింది. కాబట్టి ఇరాకీల కోపం మనకు అర్థం కాని సంగతి కాదు.

ఈ రక్షణను సమర్థించే వాళ్ళ వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. ఒక దేశపు సైన్యం మరో దేశపు అనుమతితో అక్కడ ఉన్నప్పుడు, ఆ సైనికుణ్ణి స్థానిక పోలీసు ఎప్పుడంటే అప్పుడు పట్టుకుపోగలిగితే సైన్యం సైన్యంగా ఉండదు. అమెరికా సుప్రీంకోర్టు ఒక విదేశీ యుద్ధనౌక కేసులో 1812లోనే ఈ సూత్రాన్ని అంగీకరించింది. పైగా యుద్ధం ముగిసీ ముగియని దేశంలో కోర్టులు పగబట్టి ఉంటాయి, జైళ్ళలో చిత్రహింసలు ఉంటాయి, అలాంటి చోటికి ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి అప్పగించమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? వాళ్ళు చివరగా చెప్పే మాట మరింత బలమైనది. మేము మా వాళ్ళను వదిలిపెట్టడం లేదు, మా సైనిక న్యాయస్థానంలో మేమే శిక్షిస్తాం, మారేది కోర్టు మాత్రమే, చట్టం కాదు అంటారు.

ఇది ఒక వాగ్దానం. విచారణ హక్కును తీసుకున్న దేశం ఆ హక్కుతో పాటు ఒక బాధ్యతను తలకెత్తుకుంటోంది. ఆ బాధ్యతను ఎలా నిర్వర్తించిందో చూసి ఈ వాదన విలువ కట్టాలి.

2006 డిసెంబరు 24 రాత్రి బాగ్దాద్‌లో గట్టి కాపలా ఉన్న గ్రీన్ జోన్ ప్రాంతంలో, బ్లాక్‌వాటర్ అనే అమెరికా ప్రైవేటు కాపలా కంపెనీ ఉద్యోగి ఒకతను తాగిన మైకంలో ఇరాక్ ఉపాధ్యక్షుడు ఆదిల్ అబ్దుల్ మహ్దీ అంగరక్షకుణ్ణి కాల్చి చంపాడు. కాంట్రాక్టు పనిలో కూడా లేని మనిషి అతను. కాల్పులు జరిగాక రెండు రోజులైనా గడవకముందే అతన్ని విమానం ఎక్కించి అమెరికా పంపేశారు. కంపెనీ ఉద్యోగం తీసేసింది. కొద్ది నెలల్లోనే అతను కువైట్‌లో మరో కాంట్రాక్టు కంపెనీలో పనికి చేరాడు. అమెరికా న్యాయశాఖ చివరికి కేసు పెట్టలేదు. ఉపాధ్యక్షుడి అంగరక్షకుడికే ఈ గతి పట్టిన దేశంలో కూరగాయలు అమ్ముకునే వాడి కుటుంబం ఎవరి గుమ్మం ఎక్కాలి?

మరుసటి సంవత్సరం సెప్టెంబరు 16న అదే కంపెనీ కాపలాదారులు బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో ట్రాఫిక్‌లో ఆగిన కార్ల మీద, పారిపోతున్న జనం మీద మెషీన్‌గన్లతో, గ్రెనేడ్లతో కాల్పులు జరిపారు. 17 మంది ఇరాకీలు చనిపోయారు, వాళ్ళలో తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒకడు. ఇక్కడ వాగ్దానం ఎలా నడిచిందో వరసగా చెప్పాలి. ఆ కాపలాదారులు ఇరాక్ కోర్టుకు చిక్కరు. సైనికులు కారు కాబట్టి సైనిక న్యాయస్థానానికి చిక్కరు. విదేశాల్లో సైన్యంతో పనిచేసే పౌరులను అమెరికా కోర్టుల్లో విచారించడానికి 2000లో ఒక చట్టం చేశారు గాని, అది రక్షణశాఖ పనిలో ఉన్న వాళ్ళకే వర్తిస్తుందని, తాము విదేశాంగశాఖకు పనిచేశామని ముద్దాయిలు వాదించారు. కాల్పుల తర్వాత విదేశాంగశాఖ అధికారులు వాళ్ళ వాంగ్మూలాలు తీసుకునేటప్పుడు వాటిని కేసులో వాడబోమని హామీ ఇచ్చారు, ఆ హామీ కారణంగానే 2009 డిసెంబరు 31న జడ్జి కేసు కొట్టేశారు. పైకోర్టు 2011లో కేసును బతికించింది. 2014లో ఇరాక్ నుంచి ముప్ఫై మంది దాకా సాక్షులు వాషింగ్టన్ వెళ్ళి సాక్ష్యం చెప్పారు. నలుగురికి శిక్ష పడింది, ఒకడికి హత్యా నేరం కింద, మిగతా ముగ్గురికి 30 ఏళ్ళ చొప్పున. పైకోర్టు మళ్ళీ కలగజేసుకుంది. హత్యా నేరం మీద మళ్ళీ విచారణ జరిగి 2019లో యావజ్జీవం ఖాయమైంది, మిగిలిన వాళ్ళ శిక్షలు సగానికి తగ్గాయి. 2020 డిసెంబరు 22న అధ్యక్షుడు ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష ఇచ్చారు.

ఆ కేసును ఏళ్ళ తరబడి పట్టువిడవకుండా నడిపిన అమెరికా ప్రాసిక్యూటర్ల చిత్తశుద్ధిని నేను శంకించను. అంత శ్రమపడిన కేసు కూడా ఒక్క సంతకంతో ముగిసిందంటే లోపం మనుషుల్లో కన్నా ఏర్పాటులోనే ఉంది. క్షమాభిక్ష పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు ఓటు వేసేది హంతకుడి దేశపు ప్రజలు, హతుల దేశపు ప్రజలు కారు. నేరస్థుడి బంధువులు తమ ప్రతినిధిని కలిసి మొరపెట్టుకోగలరు. బాగ్దాద్ తండ్రికి ఆ ప్రతినిధి లేడు.

కాంట్రాక్టర్ల రక్షణ ఎవరిని కాపాడుతుందో నాకు చెప్పిన మనిషి మా ఉదయగిరి వైపు వాడు. నాకు చుట్టరికం లేకపోయినా ఊరి వరసకు మామ అవుతాడు. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు ప్రాంతాల్లో వానలు లేని ఏళ్ళు వచ్చినప్పుడల్లా కువైట్‌కు పోయిన ఇళ్ళు ఎన్నో. మామ కూడా అలాగే ఏజెంటు చేతిలో డబ్బు పోసి కువైట్‌లో వంటపని అని నమ్మి వెళ్ళాడు. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు ఒక రాత్రి బస్సులో ఎక్కించి సరిహద్దు దాటించి ఇరాక్‌లోని ఒక అమెరికా క్యాంపు వంటశాలలో దించారు. మనదేశం 2004లోనే ఇరాక్‌కు మనవాళ్ళు వెళ్ళకుండా నిషేధం పెట్టింది, ఆ సంగతి ఆయనకు అక్కడికి చేరాకే తెలిసింది. మెడలో వేసుకునే బిళ్ళ రంగును బట్టి ఎవరు ఏ భోజనశాలలో తినాలో నిర్ణయమై ఉండేదట. తాను పొద్దున్నే మూడింటికి లేచి గుడ్లు కొట్టి, రొట్టెలు కాల్చి పెట్టే హాలులో తాను కూర్చుని తినకూడదు. క్యాంపులో మోర్టారు గుండు పడిన రోజున పక్కన గిన్నెలు తోముతున్న తమిళ కుర్రవాడి కాలు దెబ్బతింది. ఆ కుర్రవాడికి పరిహారం కోసం కేసు పెట్టలేదా అని నేను అడిగాను.

“ఎవరి మీద పెట్టేది అల్లుడూ? ఇరాక్ పోలీసోళ్ళు క్యాంపులోకి రారు. అమెరికా వాళ్ళని అడిగితే మీ కంపెనీని అడుక్కోమంటారు. కంపెనీ చూస్తే కువైట్‌లో ఉంటది. మనోళ్ళకి చెప్పుకుందామంటే, పోవద్దన్న దేశానికి నువ్వెట్టా పొయ్యినావని అడగతారు. ఆడ మాకు ఏ గవర్నమెంటూ లేదు.”

ఈ మాటల్లో మామ చెప్పింది 17వ నంబరు ఉత్తర్వు ఫలితమే. ఆ ఉత్తర్వు కాంట్రాక్టుకే కాక దాని కింది సబ్‌కాంట్రాక్టులకు కూడా వర్తించింది. విదేశీ కంపెనీకి ఇరాక్ కోర్టు నుంచి దొరికిన రక్షణ, ఆ కంపెనీ కింద పనిచేసే ఉదయగిరి వంటవాడికి ఇరాక్ కోర్టును మూసేసిన తలుపు అయింది. తుపాకీ పట్టిన వాడూ గరిటె పట్టిన వాడూ కాగితం మీద ఒకే తరగతి. ఆ తరగతిలో లాభం మొత్తం ఒకవైపుకే పోయింది. 2004 ఆగస్టులో ఇరాక్‌లో తీవ్రవాదులు పన్నెండుమంది నేపాలీ కూలీలను చంపారు. వాళ్ళు కూడా ఇలా కాంట్రాక్టుల గొలుసులో చివరి లంకెగా వెళ్ళిన పేదలే.

సైనికుల విషయానికి వస్తే లెక్క కొంత మెరుగు, కాని చాలదు. 2005 నవంబరులో ఇరాక్‌లోని హదీథాలో అమెరికా మెరైన్ సైనికుల చేతుల్లో 24 మంది పౌరులు చనిపోయారు. ఎనిమిది మంది మెరైన్ల మీద అభియోగాలు పెట్టారు. ఒక్కడు కూడా ఆ చావుల కారణంగా జైలు శిక్ష అనుభవించలేదు. 2012లో కాందహార్ దగ్గర 16 మంది పౌరులను చంపిన సార్జెంటుకు అమెరికా సైనిక న్యాయస్థానం విడుదల లేని యావజ్జీవ శిక్ష వేసింది, అది న్యాయమైన శిక్షే. అయితే అతన్ని కొద్ది రోజుల్లోనే అఫ్ఘానిస్తాన్ దాటించేశారు. అక్కడే విచారించాలని అఫ్ఘాన్ పార్లమెంటు సభ్యులు పట్టుబట్టినా వినలేదు. శిక్ష ఖరారైన గది ఆ పల్లెలకు సముద్రాల ఆవల ఉంది, కొద్దిమంది బంధువులు మాత్రమే అక్కడికి పోగలిగారు. ఆక్రమిత దేశాలకే ఇలా జరుగుతుందనీ అనుకోనక్కరలేదు. 1998లో ఇటలీలోని కావలేసే దగ్గర అమెరికా యుద్ధవిమానం తీగకు తగిలి కేబుల్‌కారు పడిపోయి 20 మంది చనిపోతే, నాటో ఒప్పందం కారణంగా ఇటలీ పైలట్‌ను విచారించలేకపోయింది. అమెరికాలో జ్యూరీ ఆ మరణాల కేసులో అతన్ని నిర్దోషిగా వదిలేసింది.

స్థానిక కోర్టుకు అప్పగిస్తే సైన్యం కూలిపోతుందన్న భయానికి జపాన్‌లో ఒక జవాబు దొరికింది. 1957 జనవరిలో గున్మా ప్రాంతంలోని కాల్పుల మైదానంలో పేలిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరుకుంటున్న ఒక పేద గృహిణిని విలియం గిరార్డ్ అనే అమెరికా సైనికుడు చంపాడు. అతన్ని జపాన్‌కు అప్పగించవద్దని అమెరికాలో పెద్ద గొడవ జరిగింది. అక్కడి సుప్రీంకోర్టు అప్పగించవచ్చని అదే ఏడాది జూలైలో తీర్పు చెప్పింది. జపాన్ కోర్టు విచారించి మూడేళ్ళ శిక్ష వేసి, దాన్ని నిలుపుదల చేసింది. శిక్ష తక్కువని నాకనిపిస్తుంది. అయినా ఆ విచారణ చనిపోయిన మనిషి దేశంలో, ఆమె భాషలో, ఆమె వాళ్ళు చూస్తుండగా జరిగింది. అమెరికా సైన్యం జపాన్‌లో ఈనాటికీ ఉంది. ఒకినావాలో 1995లో ముగ్గురు సైనికులు పన్నెండేళ్ళ బాలికపై అత్యాచారం చేసినప్పుడు లక్షకు దగ్గరగా జనం వీధుల్లోకి వచ్చాకే, అభియోగం మోపక ముందే నిందితులను అప్పగించే విషయం సానుభూతితో పరిశీలిస్తామని అమెరికా ఒప్పుకుంది. ఆ కొద్దిపాటి మార్పు కూడా ప్రజలు గట్టిగా అడిగినందువల్లే వచ్చింది.

మన సముద్రం దగ్గరికి వద్దాం. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఇరవై నాటికల్ మైళ్ళ దూరంలో ఎన్రికా లెక్సీ అనే ఇటలీ చమురు నౌక మీద కాపలా ఉన్న ఇద్దరు నౌకాదళ సైనికులు, దొంగలనుకుని, ఒక చేపల బోటు మీద కాల్చి ఇద్దరు మత్స్యకారులను చంపారు. నౌక ప్రైవేటు యజమానిది, కాపలా కాసింది ప్రభుత్వ సైనికులు. సైనికుడికీ కాంట్రాక్టరుకూ మధ్య గీత ఎంత పలచబడిందో ఈ ఒక్క ఏర్పాటు చెబుతుంది. ఎనిమిదేళ్ళ వివాదం తర్వాత 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా చీలి, ఆ సైనికులు ప్రభుత్వ విధిలో ఉన్నందున వారికి రక్షణ ఉందని, భారత్ వారిని విచారించకూడదని, ఇటలీ పరిహారం చెల్లించాలని తేల్చింది. 2021 జూన్‌లో 10 కోట్ల రూపాయలు జమ అయ్యాక మన సుప్రీంకోర్టు ఇక్కడి కేసును ముగించింది. చనిపోయిన వాళ్ళ కుటుంబాలకు నాలుగేసి కోట్లు, బోటు యజమానికి రెండు కోట్లు. విచారిస్తామన్న ఇటలీలో 2022లో కేసు మూసేశారు.

మన తీరంలో జువ్వలదిన్నె, ఇసకపల్లి వైపు చేపలు పట్టే పట్టపువాళ్ళ పల్లెల్లో ఈ కేసు గురించి మాట్లాడితే వాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది తమిళనాడు సోనా బోట్లతో తగవు. ఆ పెద్ద బోట్లు తీరం దగ్గరికి వచ్చి వలలు తెంపుకుపోతే మనవాళ్ళు వాటిని పట్టుకుని ఒడ్డుకు లాక్కొస్తారు. కాపులనే కులపెద్దలు కూర్చుంటారు, దురాయి అనే కట్టుబాటు వేస్తారు, పోలీసులు, మత్స్యశాఖ వాళ్ళు వస్తారు, అవతలి ఊరి పెద్దలు వచ్చి మాట్లాడతారు. పద్ధతిలో లోపాలున్నాయి, కొన్నిసార్లు దెబ్బలాట కూడా అవుతుంది. కాని నష్టపోయినవాడు నష్టపరిచిన వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, నా వల ఎందుకు తెంపావని అడగగలడు. ఆ చేపల బోటులో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకు నాలుగేసి కోట్లు వచ్చినా, ఎందుకు కాల్చారని ప్రమాణం మీద అడిగించే విచారణ ఏ దేశంలోనూ పూర్తి కాలేదు. డబ్బు అవసరం లేదని నేను అనను, పిల్లల చదువుకు, ఇంటికి అది కావాలి. అడిగే హక్కుకు అది బదులు కాదని మాత్రం అంటాను.

పరాయి సైన్యాల సంగతి ఇంత గట్టిగా మాట్లాడేటప్పుడు మన సైన్యం విషయంలో మౌనంగా ఉండడం నాకు సాధ్యం కాదు. 1958 నాటి సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం ఆరో సెక్షను కింద, అది అమల్లో ఉన్న ప్రాంతంలో కేంద్రం ముందుగా అనుమతిస్తే తప్ప సైనికుడి మీద కేసు నడవదు. 2021 డిసెంబరులో నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర గని పని ముగించుకుని ఇళ్ళకు వస్తున్న కూలీల మీద తీవ్రవాదులనుకుని కాల్పులు జరిగాయి. ఆ ఘటనలోనూ, దాని వెంట జరిగిన వాటిలోనూ 14 మంది పౌరులు చనిపోయారు. రాష్ట్ర పోలీసులు 30 మంది సైనికుల మీద అభియోగపత్రం వేశారు. కేంద్రం అనుమతి నిరాకరించింది, 2024లో సుప్రీంకోర్టు ఆ కేసును ముగించింది. ఓటింగ్ గ్రామస్థుడికి ఢిల్లీ ఎంత దూరమో బాగ్దాద్ వాడికి వాషింగ్టన్ అంత దూరమే. అక్కడ అన్యాయమన్నదాన్ని ఇక్కడ అవసరమని ఒప్పుకుంటే మన మాటకు విలువ ఉండదు.

ఆక్రమిత దేశం ఎప్పటికీ నిస్సహాయంగా ఉండాలని లేదు. 2008 నవంబరు 27న అమెరికాతో ఇరాక్ పార్లమెంటు ఆమోదించిన ఒప్పందంతో 2009 జనవరి 1 నుంచి కాంట్రాక్టర్లు ఇరాక్ చట్టం కిందికి వచ్చారు. 2011లో సైన్యం ఇంకా కొంతకాలం ఉండాలంటే సైనికులకు రక్షణను పార్లమెంటు ఆమోదించాలని అమెరికా కోరింది. ఇరాక్ నాయకులు ఒప్పుకోలేదు, ఆ డిసెంబరులో సైన్యం వెళ్ళిపోయింది. 1964లో ఇరాన్ పార్లమెంటు అమెరికా సైనిక సలహాదారులకు ఇలాంటి రక్షణే ఇస్తే, దాన్ని ఖండించిన మతగురువు ఖొమేనీని నవంబరు 4న దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఆ చట్టం వల్ల పుట్టిన కోపం ఆ దేశాన్ని ఎక్కడికి తీసుకుపోయిందో అందరికీ తెలుసు. ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగంలోనే, విదేశీ సైన్యం దేశంలోకి రావాలంటే సెనేట్ సమ్మతించిన ఒప్పందం ఉండాలని రాసుకుంది.

మన రాజ్యాంగంలో అలాంటి నిబంధన లేదు. విదేశాలతో ఒప్పందం చేసుకోవడానికి కేంద్ర మంత్రివర్గానికి పార్లమెంటు అనుమతి అక్కరలేదు. మనకూ ఇప్పుడు దీని అవసరం వచ్చింది. 2016లో అమెరికాతో సైనిక సరఫరాల ఒప్పందం కుదిరింది. 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళపు సరుకుల నౌక ఒకటి మరమ్మతుకు కాట్టుపల్లి వచ్చింది, అది పులికాట్ సరస్సుకు దక్షిణాన, మన సూళ్ళూరుపేట నుంచి బస్సులో పోయివచ్చేంత దూరం. ఇలాంటి రాకపోకలను నేను వ్యతిరేకించను, వాటి వల్ల మన యువకులకు పని దొరుకుతుంది. కాని ఆ నౌకల సిబ్బంది, వాళ్ళ వెంట వచ్చే కంపెనీల మనుషులు మన నేల మీద ఒకరి ప్రాణం తీస్తే లేదా ఒక ఆడపిల్ల మీద చెయ్యి వేస్తే ఏ కోర్టు విచారిస్తుందో ముందుగానే రాసి ఉండాలి. విధి నిర్వహణలో జరిగిందా లేదా అన్నది ఆ సైన్యపు కమాండరు కాక మన జడ్జి తేల్చాలి. కాంట్రాక్టు ఉద్యోగులకు ఏ మినహాయింపూ ఉండకూడదు. అలాంటి ఒప్పందం ఏదైనా సంతకానికి ముందు పార్లమెంటు ముందుకు రావాలి. నెల్లూరు, ఒంగోలు సభ్యులు వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్నను లిఖితపూర్వకంగా అడిగి, ప్రభుత్వం జవాబును సభ ముందు పెట్టించాలని కోరుతున్నాను.